మిల్లీమీటరంటే అంగుళం

బొమ్మకార్లు కట్టేవాళ్లకి 1/25 స్కేల్లో, అంటే అసలు కారులో ఇరవయ్యైదో వంతు సైజులో, ఒక సుఖం ఉంది. అసలు కారు మీద అంగుళం ఉన్నచోట బొమ్మ మీద మిల్లీమీటరు ఉంటుంది. కచ్చితంగా లెక్క కడితే 25.4ని 25తో భాగించాలి, 1.016 వస్తుంది. ఆ మిగిలిన పిసరు కంటికి ఆనదు, చేతికి అసలే ఆనదు. నాకు పదమూడేళ్లప్పుడు అన్నయ్య ఈ సంగతి చెప్పాడు. "కారు టాప్ మూడంగుళాలు తగ్గించాలంటే మనం మూడు మిల్లీమీటర్లు కోస్తే చాలు. ఇంత తేలిక లెక్క మీ స్కూల్లో కూడా ఇవ్వరురా" అన్నాడు.

కోసింది మాత్రం ఐదు.

ఎక్కువైన ఆ రెండు మిల్లీమీటర్లు మా ఇద్దరికీ ఆర్నెల్ల పని పెట్టాయి. అవి లేకపోతే ఆ కారు అందరి బొమ్మకారుల్లాగే అలమరాలో ఓ మూల కూర్చునేది. నేనూ ఇవాళ ఇది రాసేవాణ్ణి కాదు.

మావయ్య ఇచ్చిన కిట్ అది. 1932 ఫోర్డ్, మూడు కిటికీల కూపే, అంటే రెండు తలుపుల కారు. డబ్బా మీద నల్లగా నిగనిగలాడే కారు బొమ్మ, లోపల ఎర్ర ప్లాస్టిక్ చట్రాలకి కాయల్లా వేలాడుతున్న ముక్కలు. క్రోమ్ పూసిన ముక్కలది ఇంకో చట్రం, అద్దాలది ఇంకోటి, మెత్తటి నల్ల టైర్లు నాలుగు. నాకైతే కిట్ అంటే కాగితంలో 1 అని ఉన్న ముక్కని 2 అని ఉన్న ముక్కకి అంటించుకుంటూ పోవడమే. అన్నయ్య అప్పటికి కాలేజీలో మెకానికల్ చదువుతున్నాడు. ఆ సూచనల కాగితాన్ని ఒకసారి మొదట్నుంచి చివరిదాకా చదివి, మడతలు పెట్టి, ఏదో పుస్తకంలో దాచేశాడు. మళ్లీ తియ్యలేదు.

"దీన్ని హాట్ రాడ్ చేద్దాంరా" అన్నాడు.

ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. పాత కార్ల పత్రికలు అన్నయ్య దగ్గర ఓ కట్ట ఉండేవి. అవి ముందేసుకుని రెండు రాత్రులు కథ చెప్పాడు. హాట్ రాడ్ అంటే కొత్త కారు కాదు. పాతబడిన కారు చవగ్గా కొని, అక్కర్లేనిదంతా పీకేసి, ఇంజన్‌కి బలం పెంచి, ఎంత వేగం వస్తే అంత వేగంగా తోలడం. దక్షిణ కాలిఫోర్నియాలో మ్యూరాక్, ఎల్ మిరాజ్ అని ఎండిపోయిన సరస్సులున్నాయి. నేల బల్లపరుపుగా, గట్టిగా, మైళ్ల కొద్దీ అడ్డం లేకుండా ఉంటుంది. కుర్రాళ్లు పాత ఫోర్డ్‌లు అక్కడికి తోలుకెళ్లి గడియారం పెట్టి పరిగెత్తించేవాళ్లు. 1937లో అక్కడి క్లబ్బులు కలిసి ఎస్‌సీటీఏ (సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్) అని ఒక సంఘం పెట్టుకున్నాయి. రెండో ప్రపంచయుద్ధం ముగిసి కుర్రాళ్లు ఇళ్లకి తిరిగొచ్చాక ఈ పిచ్చి మరీ ముదిరింది. 1949లో యూటా రాష్ట్రంలోని బాన్‌విల్ ఉప్పు మైదానంలో పోటీలు పెట్టేదాకా వెళ్లింది.

"మడ్‌గార్డులు ఎందుకు పీకేసేవాళ్లు? బరువు. టాప్ ఎందుకు కోసేవాళ్లు? గాలి. కారు ముఖం ఎంత చిన్నదైతే గాలి అంత తక్కువ అడ్డుకుంటుంది. అందం కోసం మొదలైంది కాదురా ఇది, తర్వాత అందమైంది" అన్నాడు అన్నయ్య. ఆ ఆఖరి ముక్క ఆయన పత్రికలో చదివిందో, సొంతంగా అన్నదో నాకు తెలీదు. నాకు మాత్రం అన్నయ్య గొంతుతోనే గుర్తుంది.

వేలకొద్దీ పాత కార్లుండగా అందరూ 1932 ఫోర్డ్ మీదే ఎందుకు పడ్డారని అడిగాను. ఫోర్డ్ వాళ్లు మామూలు జనం కొనుక్కునే కారులో మొదటిసారి వీ8 ఇంజన్, అంటే V ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్నది, పెట్టింది ఆ ఏడాదేనట. సైజు 221 ఘనపుటంగుళాలు, బలం 65 హార్స్‌పవర్. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది కానీ అప్పటికి అది చాలా ఎక్కువ. ఇంకో కారణం ఛాసిస్, అంటే బాడీని మోసే కింది చట్రం. మిగతా కార్లలో పక్కదూలాలు రేకుల వెనక దాక్కుంటాయి. దీంట్లో బయటికే కనిపిస్తాయి, వాటి మీద ఒక అందమైన ఒత్తుగీత కూడా ఉంటుంది. అందుకే మడ్‌గార్డులు పీకేసినా బోసిగా కనపడదు. 1932లోని ఆ చివరి రెండు వల్ల దీనికి 'డ్యూస్' అనే ముద్దుపేరు వచ్చింది, డ్యూస్ అంటే రెండు. మేం చేసిన పనిలో ఆ ఛాసిస్ అందం ఏమైందో తర్వాత చెప్తాను.

ఇక కోత.

టాప్ కోయడాన్ని చాపింగ్ అంటారు. కప్పుని ఊడదీసి పారెయ్యడం కాదు. కిటికీలున్న ఎత్తులో చుట్టూ ఒక పట్టీ మందం కోసి తీసేసి, మిగిలిన కప్పుని మళ్లీ కిందకి దించి అతికించాలి. అన్నయ్య మాస్కింగ్ టేపుని సన్నగా చీల్చి కారు చుట్టూ రెండు వరసలు అంటించాడు. రెండింటి మధ్య మూడు మిల్లీమీటర్లు. వెర్నియర్‌తో ఆరుచోట్ల కొలిచాడు. బాడీ లోపల సరిగ్గా పట్టేలా ఒక చెక్కదిమ్మ చెక్కి దూర్చాడు, నొక్కితే వంగకుండా. రంపమంటే పెద్దదేం కాదు, బ్లేడు అంత పల్చని రేకు, దానికి వేలితో తడిమితే తప్ప తెలియనంత చిన్న పళ్లు.

కుడివైపు అన్నయ్య కోశాడు. ముందు అద్దం పక్కన ఉండే స్తంభం అగ్గిపుల్లంత ఉంటుంది, నాలుగు లాగుళ్లకి తెగిపోయింది. ఎర్రపొడి కాగితం మీద రాలింది. తర్వాత రంపం నా చేతికిచ్చి "ఎడమవైపు నువ్వు కొయ్" అన్నాడు. నాకు చెమటలు పట్టాయి. అప్పటిదాకా నేను ఆ కిట్లో ఒక ముక్క కూడా చట్రం నుంచి తుంపలేదు. నా మొదటి పని దాన్ని నరకడం.

"గీత మీద కొయ్యకు, గీత పక్కన కొయ్. రంపానికీ ఒక మందం ఉంటుంది, అది తినేసిన పొడి కూడా లెక్కలోకి వస్తుంది" అన్నాడు. ఏ పక్కన అన్నది చెప్పాడో లేదో, చెప్తే నేను విన్నానో లేదో, ఆ తగవు ఇప్పటికీ తెగలేదు.

కప్పు ఊడి చేతికొచ్చింది. కోసిన పట్టీ ముక్కలు తీసి పక్కన పెట్టి, కప్పుని మళ్లీ స్తంభాల మీద పెట్టి చూశాం. ఒక కాలు పొట్టిదైన బల్లలా కదిలింది. ఒక పక్క నొక్కితే రెండో పక్క లేస్తోంది. అన్నయ్య ఏమీ అనలేదు. ఆకురాయి తీసుకుని ఎత్తుగా ఉన్న పక్క కొంచెం రాశాడు. ఇప్పుడు రెండో పక్క ఎత్తయింది. అది రాశాడు. మళ్లీ ఇది. పిల్లులకి రొట్టె పంచిన కోతి కథ తెలుసుగా, సరిగ్గా అదే. ఒక గంటకి కప్పు కదలకుండా కూర్చుంది. వెర్నియర్ పెట్టి కొలిచి చాలాసేపు దానికేసే చూశాడు.

"ఐదు" అన్నాడు.

కిటికీలు చీలికల్లా అయిపోయాయి. ఎండకి కళ్లు చికిలించుకున్న మనిషిలా ఉంది కారు.

"మరి డ్రైవరు తల?" అన్నాను.

"డ్రైవరు లేడుగా" అన్నాడు.

అంత తేలిగ్గా తీసిపారేశాడు కానీ, ఆ రాత్రి వాడు నిద్రపోలేదని నాకు తెలుసు. మా ఇద్దరి మంచాలూ పక్కపక్కనే. నాకు కోపం వస్తే అన్నయ్య 'వాడు' అయిపోతాడు, చదివేవాళ్లు ఏమీ అనుకోవద్దు.

తర్వాత నేర్చుకున్నది ఏమిటంటే, కప్పుని తిన్నగా కిందకి దించితే ఎక్కడా కలవదు. కారు బాడీ పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి పైముక్క చుట్టుకొలత కింది ముక్క కన్నా తక్కువ. ఎంత కోస్తే తేడా అంత. ఈ ఫోర్డ్‌కి ముందు అద్దం దాదాపు నిటారుగా ఉంటుంది కనక ముందువైపు పెద్ద గొడవ లేదు. వెనకవైపు కప్పు వంపు తిరిగి కిందకి దిగుతుంది, అక్కడ సందు పడింది. మూడు మిల్లీమీటర్లకైతే ఆకురాయితో సర్దుకునేదేమో, ఐదుకి ఏకంగా గోరు దూరేంత సందు. కప్పుని అడ్డంగా కూడా కోసి, వెనక్కి జరిపి, మధ్యలో ప్లాస్టిక్ పట్టీ వెయ్యాల్సి వచ్చింది. 1949 మెర్క్యురీ లాంటి, అద్దాలు బాగా వాలిపోయిన కార్లని చాప్ చేసేవాళ్లకి దండం పెట్టాలి.

ఆ సందులు పూడ్చడానికి అన్నయ్య చేసిన లేపనం నాకు భలే నచ్చింది. ఖాళీ చట్రాల పుల్లల్ని పెన్సిల్ చెక్కినట్టు సన్నగా తరిగి, జిగురు సీసాలో వేసి మూత పెట్టాడు. నిజానికి ప్లాస్టిక్ మోడల్స్‌కి వాడే ఆ నీళ్లలాంటి జిగురు జిగురే కాదు, ప్లాస్టిక్‌ని కరిగించే ద్రావకం. రెండు ముక్కల అంచులు కరిగి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ద్రావకం ఆవిరయ్యాక ఒకే ముక్క అవుతాయి. ఇనుముకి వెల్డింగ్ లాగా. మర్నాటికి ఆ తరుగంతా కరిగి ఎర్రటి పాకమైంది. పుల్లతో తీసి సందులో కూరాం. అదే ప్లాస్టిక్, అదే రంగు. ఎండాక నీళ్లతో సాండ్‌పేపర్ పెట్టి రుద్దితే అతుకు ఎక్కడుందో కనిపెట్టడం మా వల్లే కాలేదు. వారం ఆగి రుద్దాం. నెలన్నా ఆగాల్సిందని ఇప్పుడు తెలుసు.

కిట్లో వచ్చిన అద్దాలు ఇక పనికిరావు. ఏదో వస్తువు ప్యాకింగ్‌కి వచ్చిన పారదర్శక ప్లాస్టిక్ నుంచి కొత్త అద్దాలు కత్తిరించాడు అన్నయ్య. వాటిని అంటించే పని నాది. తొందరగా అయిపోతుందని సూపర్ గ్లూ పెట్టాను. సాయంత్రానికి చక్కగా అంటుకుంది. పొద్దున చూస్తే అద్దమంతా పొగమంచు పట్టినట్టు తెల్లగా ఉంది. తుడిస్తే పోలేదు. సూపర్ గ్లూ నుంచి లేచే ఆవిరి దగ్గర్లోని నున్నటి ఉపరితలాల మీద పేరుకుని అలా తెల్లబడుతుంది, మూసినట్టుండే చిన్న కారు లోపలైతే మరీనూ. రెండోసారి కత్తిరించి మామూలు తెల్ల జిగురుతో, స్కూల్లో కాగితాలకి వాడేదే, అంటించాం. అది తెల్లగా పూసినా ఎండాక గాజులా అయిపోతుంది. ఇప్పటికీ అద్దాలకి నేను అదే వాడతాను, ఎవరు ఏ కొత్త జిగురు గురించి చెప్పినా సరే.

ఇంతవరకూ బాగానే ఉంది. కారుని బల్ల మీద పెట్టి దూరం నుంచి చూశాక అసలు బాధ మొదలైంది. తల చిన్నది, ఒళ్లు పెద్దది. ఐదు మిల్లీమీటర్లు పోయిన కప్పు కింద ఆ బాడీ డ్రమ్ములా ఉబ్బుగా కనిపిస్తోంది.

"ఒళ్లు కూడా దించాలి" అన్నాడు అన్నయ్య.

దాన్ని చానెలింగ్ అంటారు. మామూలుగా బాడీ ఛాసిస్ మీద కూర్చుంటుంది. నేలని కోసేసి బాడీని ఛాసిస్ చుట్టూ కిందకి జార్చి, నేలని పైకి జరిపి మళ్లీ అతికిస్తే కారు మొత్తం కిందకి దిగినట్టుంటుంది. మూడు మిల్లీమీటర్లు దించాం. ఈసారి అన్నయ్య రంపం నా చేతికివ్వలేదు.

ఒక్కటి కదిపితే అన్నీ కదులుతాయని అప్పుడే తెలిసొచ్చింది. నేల పైకొచ్చింది కాబట్టి సీటు కిటికీ దాకా లేచింది. సీటు కింది భాగం కోసేశాం. అయినా ఎక్కువే. చివరికి దిండుల్లాంటి భాగాలు మాత్రం ఉంచి నేల మీదే పరిచాం. స్టీరింగ్ రాడ్ పొట్టి చేశాం. బాడీ దిగింది కాబట్టి ముందుండే రేడియేటర్ గ్రిల్ దానికన్నా మూడు మిల్లీమీటర్లు ఎత్తుగా, మెడ సాచినట్టు నిలబడింది. దాన్ని మధ్యలో కోసి పొట్టి చెయ్యాలి. గ్రిల్‌లోని సన్నటి నిలువు కడ్డీలు మళ్లీ ఒకదానికొకటి సరిగ్గా కలవాలి. అన్నయ్య అది ఒక ఆదివారం అంతా కూర్చుని చేశాడు, ఎవరితోనూ మాట్లాడకుండా.

ఇక ఛాసిస్. అంత గొప్పగా చెప్పుకున్న ఆ పక్కదూలాలు, వాటి మీది ఒత్తుగీత, అన్నీ బాడీ కిందకి వెళ్లిపోయాయి. 1932 ఫోర్డ్‌ని ఎందుకు ఎంచుకున్నామో ఆ కారణాన్నే చేతులారా కప్పెట్టాం. అసలు కార్ల విషయంలో కూడా డ్యూస్‌ని చానెల్ చెయ్యడం పాపమనేవాళ్లు చాలామందే ఉన్నారు. నేనూ ఇప్పుడు ఆ జట్టే. అప్పుడు మాత్రం నాకు అది తోచనే లేదు, కారు నేలకి ఆనుకుని పాకుతున్నట్టుంటే ఊపిరాడనంత సంబరం.

ఇంజన్ ఛాసిస్ మీదే ఉంది, బాడీ దిగిపోయింది. అంటే బానెట్ పెడితే మూతపడదు. "అయితే బానెట్ వద్దు, ఇంజన్ బయటే ఉంటుంది" అన్నాడు అన్నయ్య, మొదట్నుంచీ అదే ప్లాన్ అయినట్టు. బయటే ఉంటే దాన్ని చూడబుద్ధయ్యేలా చెయ్యాలిగా. అప్పటికే విరిగిపోయిన ఇంకో కిట్ నుంచి ఫోర్డ్‌కి పోటీ కంపెనీ చెవ్రొలే వాళ్ల వీ8 ఇంజన్, 'స్మాల్ బ్లాక్' అంటారు దాన్ని, తీశాడు. ఫోర్డ్‌లో చెవ్రొలే ఇంజనేమిటని నేను గొడవపెట్టుకున్నాను. 1955లో 265 ఘనపుటంగుళాలతో ఆ ఇంజన్ వచ్చాక హాట్ రాడ్ల వాళ్లందరూ దాని మీదే పడ్డారనీ, తేలిక, చిన్నది, బలం ఎక్కువ అనీ పత్రిక తెరిచి చూపించాడు. నిజంగానే పేజీకి రెండు ఫోర్డ్‌లు చెవ్రొలే ఇంజన్లతో ఉన్నాయి. నోరు మూసుకున్నాను.

స్పార్క్ ప్లగ్ తీగల సంగతి చెప్పకుండా ముందుకి పోలేను.

కిట్లలో ప్లగ్ తీగలు ఇవ్వరు. డిస్ట్రిబ్యూటర్ అని, ప్లగ్గులకి కరెంటు పంచేది, ఇంజన్ వెనక చివర ఒక చిన్న మొద్దులాంటిది ఉంటుంది, అంతే. అసలు కారులో ఆ తీగ ఎనిమిది మిల్లీమీటర్ల మందం ఉంటుంది అనుకుంటే మనకి కావాల్సింది 0.3 మిల్లీమీటర్ల తీగ. దారం పెట్టి చూశాం, నూగు నూగుగా గొంగళిపురుగులా ఉంది. కాలిపోయిన ఒక చిన్న మోటారు విప్పి వైండింగ్ తీగ తీశాడు అన్నయ్య. సరిగ్గా సరిపోయింది. పైన నల్లరంగు పూశాం. ఇక డిస్ట్రిబ్యూటర్ మూతకి ఎనిమిది కన్నాలు, మధ్యలో కాయిల్ తీగకి ఒకటి. మూత మొత్తం నాలుగు మిల్లీమీటర్లు. సూది మొనని రాయి మీద అరగదీసి, పలకలా చేసి, దాన్నే డ్రిల్లుగా వేళ్ల మధ్య తిప్పాం. మొదటి మూతలో ఆరో కన్నం ఏడో కన్నంలో కలిసిపోయింది. రెండోది పగిలింది. మూడోది చట్రంలోని లావుపాటి పుల్లని ముక్క కోసి చేశాం. అది నేను చేశాను. తొమ్మిది కన్నాలూ నావే. నాలుక బయటపెట్టి చేశానని అన్నయ్య ఇప్పటికీ ఏడిపిస్తాడు.

తీగలు ఎలాగోలా దూర్చేద్దామంటే ఒప్పుకోలేదు. "ఒకటి, ఎనిమిది, నాలుగు, మూడు, ఆరు, ఐదు, ఏడు, రెండు" అని ఎక్కంలా వల్లె వేయించాడు. ఆ ఇంజన్‌లో సిలిండర్లు పేలే వరస అది. కారులో కూర్చున్నవాడి ఎడమచేతివైపు 1, 3, 5, 7, కుడివైపు 2, 4, 6, 8. మూత మీద వరుసగా పక్కపక్కనే ఉన్న కన్నాల నుంచి వెళ్లే తీగలు ఆ క్రమంలో ఆయా సిలిండర్లకి చేరాలి.

"ఎవరు చూస్తారు?" అన్నాను.

"తెలిసినవాడు చూస్తాడు."

"తెలిసినవాడు మనింటికి ఎందుకొస్తాడు?"

దానికి జవాబు చెప్పలేదు. ఆ తీగలు పెట్టడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. ఇంతవరకూ ఏ తెలిసినవాడూ వచ్చి చూడలేదు. కానీ ఆ వరస నాకు ఇంకా కంఠతా వచ్చు. స్కూల్లో నేర్చుకున్న పద్యాలన్నీ మర్చిపోయాను.

రంగు దగ్గర ఇంకో తప్పు చేశాం, ఈసారి ఇద్దరం కలిసి. లేత పసుపు వెయ్యాలని అనుకున్నాం. వేశాం. మొదటి రోజు అద్భుతంగా ఉంది. మూడో రోజుకి పసుపులో ఏదో జ్వరం వచ్చినట్టు ఎరుపు కనిపించింది. వారానికి కారు నారింజరంగుకి తిరిగింది, అది కూడా అక్కడక్కడా మచ్చలుగా. ఎర్ర ప్లాస్టిక్‌లో కలిపిన రంగు పైన వేసిన పెయింట్‌లోకి ఊరుతుందని మాకు తెలీదు. ఇంకో పూత వేస్తే కప్పేస్తుందనుకున్నాం. అదీ ఊరింది.

రంగంతా తీసెయ్యాలి. అన్నయ్య చేతికి తొడుగులు వేసుకుని బాడీని ఒక ప్లాస్టిక్ డబ్బాలో బ్రేక్ ఆయిల్‌లో ముంచాడు. అది పెయింట్‌ని లేపేస్తుంది, ప్లాస్టిక్ జోలికి పోదు. మర్నాడు పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పసుపు తొక్కలు తొక్కలుగా ఊడింది. కారు మళ్లీ ఎర్రగా, బోడిగా, మొదటి రోజులా.

ఎరుపు ఊరకుండా అడ్డుగా అల్యూమినియం వెండిరంగు వెయ్యమని ఎవరో చెప్పారు. దాంట్లో ఉండే లోహపు రేణువులు పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుని అడ్డుకట్ట వేస్తాయి. వేశాం. దాని మీద మళ్లీ పసుపు వెయ్యబోతూ అన్నయ్య ఆగిపోయాడు. కారుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూశాడు. వెనక లైట్లకి వాడదామని తెచ్చిన పారదర్శకమైన ఎర్రరంగు సీసా ఉంది మా దగ్గర. ఒక పాత చెంచా వెనక్కి వెండిరంగు వేసి, దాని మీద ఆ ఎరుపు పూసి, ఎండాక నా ముందు పెట్టాడు. లోపల దీపం వెలుగుతున్నట్టుంది చెంచా.

క్యాండీ రంగంటే అదే. వెలుతురు పారదర్శకమైన ఎరుపు పొరలోంచి లోపలికి పోయి, కింద వెండికి తగిలి, మళ్లీ ఎరుపులోంచే బయటికొస్తుంది. 1950లలో జో బైలాన్ అనే కస్టమ్ కార్ల పనివాడు తయారు చేసిన క్యాండీ యాపిల్ రెడ్‌తో దానికి పేరొచ్చింది. మేం దాని దాకా వచ్చింది మాత్రం పసుపు పాడైపోయినందువల్ల.

స్నేహితుడి దగ్గర ఎయిర్‌బ్రష్, గాలితో రంగు చిమ్మేది, అరువు తెచ్చి ఏడు పూతలు వేశాడు. క్యాండీతో చిక్కేమిటంటే పూత పూతకీ ముదురుతుంది. ఒకచోట ఒక్క క్షణం ఎక్కువ ఆగితే అక్కడ మచ్చ. ఒక పూత తక్కువైతే అది వేరే రంగు. బాడీకి ఏడు పడ్డాయి, గ్రిల్ చుట్టూ ఉండే తొడుగు మర్చిపోయి వేరే రోజు వేస్తే ఐదుకే రంగు అయిపోయింది. పక్కపక్కన పెడితే గ్రిల్ తేలిపోయినట్టుంది. చూసినవాళ్లందరూ "టూ టోన్ భలే పెట్టారే" అన్నారు. మేం తలూపాం.

చక్రాలు, ఇరుసులు త్వరగానే అయ్యాయి. వెనక పెద్ద టైర్లు, ముందు చిన్నవి, ముందు ఇరుసు ఇంకొంచెం దించి ముక్కు నేలకి వంగినట్టు పెట్టాం. సోల్డర్ తీగ వంచి ఎనిమిది సైలెన్సర్ గొట్టాలు చేశాడు అన్నయ్య. అవి మాత్రం మొదటిసారికే కుదిరాయి, ఆయనకే ఆశ్చర్యం.

ఇప్పుడు ముందే చాప్ చేసిన రెసిన్ బాడీలు దొరుకుతాయి, డిస్ట్రిబ్యూటర్లు కన్నాలూ తీగలతో సహా తయారుగా వస్తాయి, ఏ ముక్క కావాలన్నా 3డీ ప్రింటర్‌లో తీసుకోవచ్చు. నేనూ కొంటాను, దాంట్లో తప్పేం లేదు. వాటితో చేసిన కార్లు దీనికన్నా వంద రెట్లు తిన్నగా ఉంటాయి.

మొన్న ఆ కారున్న పెట్టె తెరిచాను. ఏళ్లయింది. టైర్లు చక్రాలని తినేశాయి. ఆ మెత్తటి వినైల్ టైర్లలో మెత్తదనం కోసం కలిపే పదార్థం మెల్లగా బయటికొచ్చి, తగిలి ఉన్న గట్టి ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. చక్రం అంచులు మైనంలా జారి టైరుకి అతుక్కుపోయాయి. మధ్యలో సన్నటి రేకు చుట్టి ఉంటే ఆగేది. ఎరుపు మాత్రం అలాగే ఉంది. కప్పుని వెలుతురుకి వాలుగా పెడితే, మేం కనిపెట్టలేకపోయిన ఆ అతుకు ఇప్పుడు వెంట్రుకలాంటి గీతై చుట్టూ కనిపిస్తోంది. లోపల మిగిలిన ద్రావకం మెల్లగా ఆవిరై పోవడంతో ఆ ఎర్రపాకం పెయింట్ కింద కుంచించుకుపోయింది.

పెట్టెలో ఓ మూల పాత కెమెరా ఫిల్ముకి వచ్చే నల్ల డబ్బీ ఉంది. ఊపితే చప్పుడైంది. మూత తీస్తే రెండు ఎర్రటి తుంపులు, గోరంత కూడా లేవు. ముందు అద్దం స్తంభాల నుంచి ఆ రోజు కోసిన ముక్కలు. అన్నయ్య దాచాడన్నమాట. డిజిటల్ కాలిపర్ తెచ్చి కొలిచాను. ఒకటి 2.9, రెండోది 3.6. ఏది ఏ వైపుదో రాసి లేదు, చూస్తే చెప్పే గుర్తూ లేదు.

అన్నయ్యకి వీడియో కాల్ చేసి రెండూ అరచేతిలో పెట్టి చూపించాను.

"ఆ పెద్దది ఎడమవైపుది" అన్నాడు, కళ్లజోడు కూడా పెట్టుకోకుండా.

"అంత కచ్చితంగా ఎలా చెప్తున్నావ్?"

"ఎడమవైపు కోసింది నువ్వు కాబట్టి."